గోదావరిఖనిలో ఒక పచ్చి గోడ

మా ఇంట్లో విత్తనాలు పెట్టుకునే గదికి మట్టిగోడలు. వాటి మీద ఎప్పుడో సిమెంటు పూత పెట్టించాం. అప్పటినుంచి ప్రతి వానాకాలం కింది మూడడుగులు ఉబ్బి, పెచ్చులుగా రాలిపోతాయి. రాలినప్పుడల్లా మళ్ళీ సిమెంటే పెట్టించాం. పోయిన వానలకు గోడ పక్కనున్న పెసర్ల సంచులు అడుగు నుంచి బూజు పట్టాయి. ఈ సంగతి ఫోన్లో దేవదానం కాకకు చెప్పాను. ఆయన మా నాయనతో కలిసి బొగ్గుబావిలో పనిచేసిన మనిషి. ఇప్పుడు రిటైరై గోదావరిఖనిలో ఉంటున్నాడు. "మట్టిగోడకు సిమెంటు పెడితే ఊపిరాడది బిడ్డా. సున్నం పెట్టాలె. నేను మా ఇంట్ల పెడ్తున్న, గురువారం ఆఖరి పూత. వచ్చి చూసి పో" అన్నాడు. చూడకుండా మరోసారి డబ్బు పోసేకంటే ఒక రోజు పోయి రావడమే మేలనుకున్నాను.

ఫిబ్రవరి మొదటి వారం. కరీంనగర్ బస్టాండులో పొద్దున ఏడింటి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. మగవాళ్ళకు నూరు దాటుతుంది. సుల్తానాబాద్, పెద్దపల్లి మీదుగా రెండు గంటల లోపే చేరుకోవచ్చు. పెద్దపల్లి దాకా దారి రెండు పక్కలా యాసంగి వరి నాట్లు. తర్వాత బొగ్గు లారీలు ఎదురు కావడం మొదలవుతుంది. పవర్‌హౌజు పొగగొట్టాలు కనిపించాయంటే దిగడానికి ఎక్కువసేపు లేదని లెక్క. కిటికీ పక్కన కూర్చుంటే మొహానికి కొంగు అడ్డం పెట్టుకోవాలి.

ఖని బస్టాండు నుంచి గోదావరి ఒడ్డు వైపు షేర్ ఆటో ఎక్కాను. ఇరవై రూపాయలు. డ్రైవర్ ఎవరింటికని అడిగాడు. చెప్పాను.

"దేవదానం కాక ఇంటికా? ఏం ఫంక్షన్ అక్కా?"

"ఫంక్షన్ కాదు. గోడకు సున్నం పెడుతుంటే చూద్దామని."

అతను అద్దంలోంచి నా మొహం చూశాడు. "మా ఊరికి వచ్చినోళ్ళు బ్రిడ్జి చూస్తరు, ఓపెన్‌కాస్టు గని చూస్తరు. గోడ చూడవచ్చినోళ్ళను నిన్నొక్కదాన్నే చూసిన" అన్నాడు. ఆటోలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా నవ్వారు. అందులో ఒకామె, "గా గోడ సంగతి మా కాలనీ అంత ఎరికే. ఈసారన్న నిలుస్తదో లేదో చూసి చెప్పు" అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

బొగ్గు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేశాక కాక కట్టుకున్న రెండు గదుల ఇల్లు అది. ముందుగది పెద్దది. ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే నలుగురూ కూర్చోవాలని అట్లా కట్టారట. లోపల మూడు గోడలు ఇంకా ఉత్త ఇటుకలే. వాకిలికి ఎదురుగా ఉన్న పెద్ద గోడకు మాత్రం బూడిదరంగు గరుకు పూత ఉంది. మూడు వారాల కిందట పెట్టిన మొదటి పూత అది. ఓదెలు మేస్త్రి అప్పటికే దాన్ని నీళ్ళతో తడుపుతున్నాడు. అరవై దాటిన మనిషి. రోజుకూలి వెయ్యికి అటూ ఇటూ తీసుకుంటాడు. సున్నపు పని తెలిసినవాళ్ళు ఇప్పుడు తక్కువ కాబట్టి ముందే చెప్పి పెట్టుకోవాలి.

చాయ్ ఇస్తూ కాక భార్య కమలమ్మ చిన్నమ్మ గోడ సంగతి చెప్పింది. అంతకుముందు కాక తనే ఆ గోడకు ఒక పూత పెట్టాడు. చూడటానికి తెల్లగా, నున్నగా వచ్చిందట. ఆ ఆదివారం ప్రార్థనకు చిన్నమ్మ అందరినీ పిలిచింది. గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్ళందరూ లేచేసరికి వీపులు తెల్లగా ఉన్నాయి.

"పాస్టరుగారి నల్లకోటు నేనే దులిపిన. మా చెల్లె అయితే పట్టుచీర కట్టుకొచ్చింది. ఇప్పటికీ ఫోన్ చేస్తే మొదలు గదే అడుగుతది, మీ గోడ మంచిగున్నదా అని."

కాక గ్లాసులోకి చూస్తూ, "నా తప్పేముంది? బావిల ముప్పై ఏండ్లు గా తెల్లపొడే చల్లిన. బొగ్గు దుమ్ముకు నిప్పంటుకోకుంట గోడలకు, పైకప్పుకు చల్లుతరు బిడ్డా. సున్నపురాయి పొడే గదా అది. క్రషర్ కాడ గసొంటిదే దొరికితే తెచ్చి, ఇసుకల కలిపి పెట్టిన" అన్నాడు.

"రాయిని కాల్చితే సున్నం" అన్నాడు మేస్త్రి తిరక్కుండానే. "కాల్చనిది ఎంత నూరినా రాయే. బియ్యం నూరి పోసి అన్నమని పెడితే తింటవా దేవదానం?"

"నువ్వు తడుపు. మాటలు నాకు తర్వాత చెప్పు."

ఆ పూత చేత్తో తుడిస్తేనే పోయిందట. ఇప్పుడున్నది బట్టీలో కాల్చిన సున్నంతో పెట్టింది. ఇది కూడా బట్టలకు అంటుకుంటే సోమవారమే సిమెంటు మేస్త్రిని పిలిచి నాలుగు గోడలకూ సిమెంటు పెట్టిస్తానని చిన్నమ్మ తేల్చి చెప్పింది. ఈ ఆదివారం మళ్ళీ ప్రార్థన ఉంది. చెల్లెలూ వస్తోంది. నాకు అప్పుడు అర్థమైంది, కాకకు ఇది చివరి అవకాశమని.

"చూడు మరి" అని కాక లేచాడు. చిన్నమ్మ తడి చెయ్యి తుడుచుకోకుండా గోడ దగ్గరికి పోయి, అరచేత్తో గట్టిగా రుద్దింది. ఒకసారి కాదు, అక్కడొకచోట ఇక్కడొకచోట. అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఇసుక రేణువు కూడా అంటలేదు. చెయ్యి కొంగుకు తుడుచుకుని వంటింట్లోకి పోయింది. కాక నా వైపు చూసి తలూపాడు.

కలిపే పని పెరట్లో. గోతిలో సున్నం నెలరోజులుగా నీళ్ళ కింద నానుతోంది. కాల్చిన సున్నపు గడ్డలు నీళ్ళలో వెయ్యాలి గానీ గడ్డల మీద నీళ్ళు పొయ్యకూడదని, పోస్తే ఎగిరి కళ్ళలో పడుతుందని కాక రెండుసార్లు చెప్పాడు. నానిన సున్నం తీస్తే వెన్నలా ఉంది. దాన్ని గుడ్డలో వడగట్టారు. మొదటి పూతకు ఒక పాలు సున్నానికి రెండున్నర పాళ్ళు ఇసుక, కొంచెం ఇటుకపొడి పడ్డాయి. ఆఖరి పూతకు సున్నం ఎక్కువ, సన్న ఇసుక తక్కువ. కరక్కాయలు, బెల్లం విడివిడిగా నానబెట్టిన నీళ్ళు వడగట్టి పోశారు. ఇసుక విషయంలో మాత్రం మేస్త్రి కాక మాటే విన్నాడు. బొగ్గు తీసిన ఖాళీలో గోదావరి ఇసుక నింపే పని కూడా కాక చాలా ఏళ్ళు చేశాడు. గుప్పెట్లో తీసుకుని చెవి దగ్గర నలిపి, "ఇందుల మన్నున్నది. ఇంకోసారి కడుగు" అన్నాడు. కడిగితే నిజంగానే నీళ్ళు ఎర్రగా దిగాయి.

తర్వాత కాక బావి బూట్లు వేసుకుని ఆ ముద్దను తొక్కాడు. సున్నం చర్మాన్ని తింటుంది కాబట్టి ఉత్త కాళ్ళతో తొక్కకూడదు. ఎంత తొక్కితే అంత మెత్తబడుతుంది, నీళ్ళు పొయ్యకుండానే జారుగా అవుతుంది. నేనూ చేతులకు కవర్లు కట్టుకుని కొంత కలిపాను. పదకొండింటికి గోడ మీద పని మొదలైంది. మేస్త్రి తాపీతో పల్చగా, రూపాయి బిళ్ళంత మందాన పూస్తూ పోయాడు. వెనకాలే కాక చెక్కతో గుండ్రంగా రుద్దుతూ వచ్చాడు. కింది భాగం నాకు వదిలారు. మొదట నా చేతి కింద గీతలు పడ్డాయి. "గోడను నొక్కకు. పసిపిల్ల వీపు రుద్దినట్టు రుద్దు" అన్నాడు మేస్త్రి. కాసేపటికి చేతికి అలవాటైంది. ఆ పని బాగుంటుంది. మాట్లాడాల్సిన అవసరం ఉండదు.

ఒంటిగంటన్నరకు గోడ అయిపోయింది. వెనక వరండాలో అన్నానికి కూర్చున్నాం. చేపల పులుసు, పెసరపప్పు. చిన్నమ్మ మేస్త్రికి కొసరి కొసరి వడ్డించింది. తిని చేతులు కడుక్కుని ముందుగదిలోకి పోయిన మేస్త్రి అక్కడినుంచే అరిచాడు.

"ఎవలు ఏసిండ్రు ఈ ఫ్యాన్?"

సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడు మీద తిరుగుతోంది. రెండు కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. పూత మీద, మధ్యలో, వెంట్రుకల్లాంటి పగుళ్ళు పరుచుకుని ఉన్నాయి.

"నేనే" అన్నాడు కాక. "జల్ది ఆరుతదని. గాలి ఆడాలె గదా ఓదెలూ. బావిలకు దిగినంక మొదలు చూసేదే గాలి. గాలి లేని కాడ పని ఎట్ల చేస్తం?"

"ఇది బావి కాదయ్యా!"

కాక పగుళ్ళ దగ్గరికి పోయి వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. చిన్నమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. సిమెంటు మాట ఇప్పుడు వస్తుందని నేననుకున్నాను. ఆమె వచ్చి ఫ్యాన్ కట్టేసింది. కిటికీలు ఒక్కొక్కటే మూసి గడియలు పెట్టింది.

"బాలింత పండుకున్న అర్రల ఫ్యాన్ ఏస్తవా?" అంది కాకతో. "ముగ్గురు పిల్లలను కన్న. ఒక్కసారన్న నాకు గాలి తగలనిచ్చిండ్రా మీ అవ్వ? ఏడ్వకు, ఇటు జరుగు. ఓదెలన్నా, ఇప్పుడేం చెయ్యాలె?"

మేస్త్రి కోపం తగ్గి నవ్వాడు. "పచ్చిగనే ఉన్నది వదినె. నీళ్ళు చల్లి మళ్ళ రుద్దితే కూడుకుంటయి. కానీ పది దినాలు దీన్ని ఎవ్వరు ముట్టద్దు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు చిలకరించాలె. తడిగుడ్డలు కట్టాలె. మెల్లగ ఆరితేనే రాయి అయితది."

"పది దినాలు" అంది చిన్నమ్మ. ఆదివారం మూడు రోజుల్లో ఉంది. ఆమె కొద్దిసేపు గోడ వైపు చూసి, బొడ్లో నుంచి ఫోన్ తీసి చెల్లెలికి చేసింది. స్పీకరు పెట్టకపోయినా అవతలి నవ్వు మాకు వినిపించింది.

"నవ్వినకాడికి నవ్వు. ప్రార్థన వాకిట్లనే పెడ్తున్న, టెంటు ఏపిస్త. లోపటికి ఎవ్వరిని రానియ్య. నా గోడ పచ్చిగున్నది."

కాక ఆమె వైపు ఒకసారి చూసి చెక్క అందుకున్నాడు. ముగ్గురం మళ్ళీ మొదలుపెట్టాం. నీళ్ళు చిలకరించి రుద్దుతుంటే పగుళ్ళు ఒక్కొక్కటిగా కూడుకుపోయాయి. ఒక మూల రెండు మాత్రం పూర్తిగా పోలేదు. ఉండనిమ్మన్నాడు మేస్త్రి. చివర గోదావరిలో ఏరిన నున్నని రాయితో మెరుగు పెడితే, మసక తెలుపులో గోడ మెత్తగా కనిపించింది. నాలుగింటికి చిన్నమ్మ పాత చీరలు తడిపి పిండి, గోడకు అంటకుండా దాని ముందు దండెం కట్టి ఆరేసింది. మమ్మల్నందరినీ బయటికి పంపి తలుపు వేసింది.

నేను బయల్దేరేటప్పుడు కాక వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. "నా ఇంట్లకు నన్నే రానిస్తలేదు బిడ్డా" అన్నాడు. ఫిర్యాదులా లేదు. లోపలినుంచి నీళ్ళు చిలకరిస్తున్న చప్పుడు వస్తోంది.

ఐదున్నర బస్సుకు తిరిగి వచ్చాను. సున్నం పని కష్టమైనది కాదు, మనిషిని తొందరపడనివ్వదు, అంతే. మా గోడకు సిమెంటు పెట్టించిన ప్రతిసారీ వానలు వస్తున్నాయని, మేస్త్రీలు రేపు రారని ఏదో ఒక ఉరుకులాటలోనే పెట్టించాం. దేవదానం కాక గోడ ఎన్నేళ్ళు నిలుస్తుందో నాకు తెలియదు. కానీ ఆ ఇంట్లో దాన్ని చూసుకునే మనిషి ఉంది, అందుకని నిలుస్తుందనుకుంటున్నాను. మా విత్తనాల గదిలో సంచులన్నీ బయటికి తీసి, పెచ్చులు రాల్చడం మొదలుపెట్టాను. మీరూ ఈ పని పెట్టుకోవాలనుకుంటే ఒకటే మాట. ఎండలు ముదరక ముందే మొదలుపెట్టండి, ఆఖరి పూత తర్వాత పది రోజుల దాకా ఆ గదిలోకి ఎవరినీ పిలవకండి.