అఖిల కాలు ఆగిన చోటు

దయ్యం ఉందని మా మల్లాపూర్‌లో అందరూ తప్పించుకుని తిరిగే వ్యవసాయ బావిలోనే నేను ఈత నేర్చుకున్నాను. అక్కడైతే మగపిల్లల గోల ఉండదని మా నాన్న పనిగట్టుకుని తీసుకెళ్ళేవాడు. వేసవంతా ఈదాను, దయ్యం మాత్రం ఒక్కనాడూ రాలేదు. కాబట్టి నన్ను చీకటికి జడిసే మనిషి కింద జమకట్టొద్దు. ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే మధ్యలో నవ్వేసి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లే రకం నేను.

పైగా ఇది రాత్రి జరిగింది కాదు. పట్టపగలు, మంచి ఎండలో, బస్సు నిండా వచ్చిన ఆడపిల్లలు చెవులు చిల్లులు పడేలా అరుస్తుండగా జరిగింది.

కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్ళే దారిలో, రోడ్డుకు కాస్త లోపలికి, ఒక మామిడి తోటలో మా అడ్వెంచర్ క్యాంపు ఉంది. దుబాయ్ నుంచి తిరిగొచ్చిన లింగన్న అనే ఆయన పెట్టాడు. తాళ్ళ వంతెన, ఊగే దుంగలు, ఎక్కే గోడ, ఇలాంటివి ఉంటాయి. బడి పిల్లలు, కాలేజీ పిల్లలు గుంపులుగా వస్తారు. వాళ్ళ చేత ఇవన్నీ చేయించడం నా ఉద్యోగం. దాన్ని ఫెసిలిటేటర్ అంటారు. మా అమ్మ మాత్రం ఎవరడిగినా పొల్లగాండ్లను చెట్లెక్కిస్తదని చెబుతుంది.

ఈ పనంటే నాకు ప్రాణం. పొద్దున ముడుచుకుని బస్సు దిగిన పిల్లలు సాయంత్రానికి గొంతులు బొంగురుపోయి, మోకాళ్ళకు మట్టి కొట్టుకుని, ఇంకో ఆట అంటూ వెంటపడుతుంటే నాకు కడుపు నిండిపోతుంది.

ఆ రోజు వచ్చింది సిరిసిల్ల నుంచి ఒక హాస్టల్ ఆడపిల్లలు. అందరూ పదో తరగతి. ఇళ్ళలో బట్ట నేసే సాంచాల చప్పుడు మీద మాట్లాడి అలవాటైన గొంతులు కాబోలు, ఒక్కరూ మెల్లగా మాట్లాడరు. పక్కపక్కన కూర్చుని కూడా ఊరవతలి వాళ్ళను పిలిచినట్టే పిలుచుకుంటారు. వాళ్ళు దిగిన కాసేపటికే నాకు తెగ నచ్చేశారు.

వాళ్ళలో అఖిల అనే అమ్మాయి ఉంది. లావుగా, గట్టిగా ఉంటుంది. బస్సు దిగగానే అందరి చున్నీలూ నీళ్ళ సీసాలూ ఆమె చేతుల్లోకి చేరాయి. ప్రతి ఆటకూ మీరాడుండ్రి, నేను చూస్త అని పక్కకు జరిగింది. తాళ్ళ వంతెన దగ్గరైతే, నేనెక్కితే లింగన్న సారు కొత్త వంతెన కొనాలె అని తన మీద తనే జోకు వేసుకుంది. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాట అంత తేలిగ్గా వచ్చిందంటే ఎన్నిసార్లు వేసుకున్న జోకో అది.

మా దగ్గర ఎవరినీ బలవంతం చేయకూడదు, అది మొదటి పాఠం. కానీ గోడ సంగతి వేరు. గోడ జట్టు మొత్తం ఎక్కితేనే ఎక్కినట్టు. ఒక్కరు కింద మిగిలినా ఎవరూ ఎక్కనట్టే.

అది మనిషికి రెండింతల ఎత్తుండే చెక్క గోడ. ముందు వైపు నున్నగా ఉంటుంది, కాలు పెట్టడానికి మేకు కూడా లేదు. పైన వెనక వైపు నిలబడడానికి అరుగు లాంటిది, దాని నుంచి దిగడానికి నిచ్చెన ఉన్నాయి. తాళ్ళు, బల్లలు వాడకూడదు. కిందున్న మనిషి భుజం ఇవ్వాలి, పైనున్నవాళ్ళు చేతులందించి లాగాలి. ఒకసారి ఎక్కినవాళ్ళు మళ్ళీ కిందికొచ్చి భుజం ఇవ్వకూడదు. నేను వెనక చేతులెత్తి నిలబడతాను, ఎవరైనా జారితే పట్టుకోవడానికి. పట్టుకోవడానికే, పైకి నెట్టడానికి కాదు. నా సాయంతో ఒక్కరు ఎక్కినా ఆ గోడ లెక్కలోకి రాదు.

గోడ చూడగానే అఖిల మొదటిసారి చేతుల్లోవి కింద పెట్టింది. వెళ్ళి గోడకు రెండు చేతులూ ఆనించి వంగి నిలబడింది. నా మీద ఎక్కుండ్రి అంది. అంతే, ఒకరి తర్వాత ఒకరు చెప్పులు విడిచి ఆమె భుజాల మీద కాలు పెట్టి పైకి పోయారు. ఒక్కొక్కరిని ఎక్కించడం, కాలి మీద చిన్నగా తట్టి పో పో అని పంపించడం. అప్పుడు ఆమె ముఖం చూడాలి. పొద్దుటి నుంచి ఆ పిల్ల ఆడిన మొదటి ఆట అది. చూస్తున్న నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

చివరికి కింద అఖిల ఒక్కతే మిగిలింది.

చివరి మనిషిగా సన్నగా, తేలిగ్గా ఉండేవాళ్ళను ఉంచుకోవాలి. ఎందుకంటే వాళ్ళకు భుజం ఇచ్చేవాళ్ళుండరు. ఇది జట్లు తమంతట తామే ఆలోచించుకోవాల్సిన విషయం, మేం చెప్పం. హాస్టల్ లీడర్ శిరీష పై నుంచి వంగి చూసినప్పుడు గాని వాళ్ళకు సంగతి అర్థం కాలేదు. అఖిలకు మాత్రం ముందే తెలుసు. ఎవరి భుజం మీదా కాలు పెట్టే పని లేకుండా ఆ పిల్ల కావాలనే చివర మిగిలింది. మీరెక్కిండ్రు గదా, చాలు అని చున్నీల దగ్గరకు నడవబోయింది.

శిరీష కోప్పడింది. "గోడ నీ ఒక్కదానిది కాదే, అందరిది. దా."

పైనున్న పిల్లలు బోర్లా పడుకున్నారు. వాళ్ళ కాళ్ళను వెనకవాళ్ళు పట్టుకున్నారు. శిరీషా ఇంకో అమ్మాయీ చేతులు కిందికి చాపారు. అఖిల ఎగిరింది, అందలేదు. మళ్ళీ ఎగిరింది. ఇంకోసారి ఎగిరితే మణికట్లు దొరికాయి. కానీ దొరకడం వేరు, లాగడం వేరు. పిల్ల గాలిలో వేలాడుతోంది. పైవాళ్ళ ముఖాలు ఎర్రబడ్డాయి, చేతులు జారుతున్నాయి. ఇక ఆపేద్దామని నేను విజిల్ నోట్లో పెట్టుకున్నాను.

అప్పుడు ఆమె కుడికాలు ఆగింది.

గోడకు ఆని ఆగలేదు. గోడకు జానెడు ఇవతల, నా నడుం ఎత్తున, వట్టి గాలిలో ఆగింది. దేన్నో పట్టుకున్నట్టు వేళ్ళు కిందికి వంగాయి. పక్కనే ఎడమకాలు కూడా వచ్చి ఆగింది. తర్వాత ఆ పిల్ల మెల్లగా, నిటారుగా పైకి లేచింది. పైవాళ్ళు నడుం దగ్గర పట్టి లాక్కున్నారు. అందరూ ఒకరి మీద ఒకరు కుప్పగా పడి వేసిన కేకకు చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి.

నేనూ గంతులేశాను. కాలు గోడకే ఆనిందిలే, ఎండలో సరిగ్గా కనబడలేదు అనుకున్నాను.

అన్నాల దగ్గర అఖిల నన్ను పక్కకు పిలిచింది. ప్లేటులో అన్నం అలాగే ఉంది.

"అక్కా, నీ భుజం మీద నిలవడ్డ గదా నేను. మరి మా గోడ లెక్కకస్తదా?"

నేను ముట్టుకోలేదని చెప్పాను. నమ్మలేదు. నా మనసు నొస్తదని అబద్ధమాడుతున్నవ్ అంది. చెమటతో తడిసిన భుజం కాళ్ళకు తెలిసిందట. ఎముక కూడా తగిలిందట. కూర్చున్న మనిషి లేచినట్టు మెల్లగా లేచిందట. అక్క సాయం చేసిందని వెళ్ళి అందరితో చెప్పేస్తానంది, గోడ ఎక్కనట్టే అని. జీవితంలో మొదటిసారి గెలిచిన ఆట, దాన్ని తన చేతులతోనే వాపసు ఇవ్వబోతోంది.

నాకు గుర్తొచ్చింది. పిల్లలు గోడ ఎక్కుతుండగా వాళ్ళ వార్డెన్ మేడం పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీస్తూ కనబడింది. వెళ్ళి అడిగాను. ముగ్గురం మామిడి చెట్టు కింద కూర్చుని చూశాం.

వీడియోలో నేను అఖిలకు రెండడుగుల దూరంలో ఉన్నాను. విజిల్ నోట్లో ఉంది, రెండు చేతులూ గాలిలో ఉన్నాయి. అఖిల కాళ్ళు కూడా గాలిలోనే ఉన్నాయి, వంగిన వేళ్ళతో సహా. కాళ్ళకూ గోడకూ మధ్య వెలుతురు కనబడుతోంది. వార్డెన్ మేడం ఇంకోసారి పెట్టి చూసి, ఏందమ్మా ఇది అని ఫోన్ ఒళ్ళో బోర్లించింది. మధ్యాహ్నపు ఎండలో చలేసింది.

అఖిల మాత్రం చూసింది నా చేతులనే. అవి తన మీద లేవని రూఢి చేసుకుని నా వైపు తిరిగింది. లెక్కేనా అని అడిగింది.

అలాంటి తీర్పు చెప్పాల్సి వస్తుందని మాకు ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు. నా సాయం ఉండకూడదన్నదే నియమం, నేను చేయలేదు, మిగతావాళ్ళ గురించి నియమంలో ఏమీ లేదు, కాబట్టి లెక్కే అని చెప్పాను. ఆ పిల్ల ప్లేటు నా చేతిలో పెట్టి అరుచుకుంటూ పరుగెత్తింది. శిరీషా మిగతావాళ్ళూ కలిసి ఆమెను ఎత్తి ఊరేగించబోయి అందరూ మట్టిలో పడ్డారు. పడి లేవకుండా అక్కడే నవ్వుతున్నారు. ఎంత వద్దనుకున్నా నాకూ నవ్వొచ్చింది.

వాళ్ళు మిగతా ఆటలు ఆడుతుండగా లింగన్నా నేనూ గోడను చెక్కచెక్కా తడిమాం. మేకు లేదు, పగులు లేదు. తాను కట్టించిన గోడకు తానెప్పుడూ భయపడలేదని లింగన్న అన్నాడు గాని, నేను వచ్చేదాకా మాత్రం ఒక్కడే గోడ దగ్గరకు పోలేదు.

సాయంత్రం బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరకు వెళ్ళి, భయం కాలేదా అని అఖిలను మెల్లగా అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"భయమెందుకక్కా? గంతసేపు మోసింది, ఒక్కపారి గూడ బరువున్నవని అనలే."

బస్సు వెళ్ళిపోయింది. నేను ఇప్పటికీ అదే గోడ దగ్గర పనిచేస్తున్నాను. దాని కింద ఎవరైనా ఒక్కరే మిగిలినప్పుడల్లా వాళ్ళ కాళ్ళ వైపే చూస్తాను. మళ్ళీ ఎప్పుడూ అలా జరగలేదు. ఆ పిల్లను మోసింది ఎవరో నాకు తెలియదు. తెలిస్తే ఒక్కసారి కలిసి థాంక్స్ చెప్పాలని ఉంది.