నల్ల తెర మీంచి పంపిన బస్సుల మెయిలు

ఆ రోజుల్లో నాకు మౌస్ పట్టుకునేవాళ్ళంటే కాస్త జాలి ఉండేది. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ కంప్యూటర్ల గదిలో కొత్తగా చేరాను. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు గాని, నా నడక చూస్తే ఫ్యాక్టరీకి పునాదిరాయి నేనే వేశానేమో అనిపించేది. ఆ ధీమా అంతా నా మెయిలు వల్ల వచ్చిందే. అందరూ రంగురంగుల తెరల మీద మెయిళ్ళు చూసుకుంటుంటే, నేను మాత్రం నల్ల తెర మీద ఉత్త అక్షరాలతో నడిచే ప్రోగ్రాం వాడేదాన్ని. అందులో బొమ్మలుండవు, నొక్కడానికి గుండీలుండవు, అంతా కీబోర్డుతోనే. (పక్క సీటు అక్క అది చూసి, "కంప్యూటర్ ఖరాబైందా చెల్లె?" అని జాలిపడేది. ఆమె అమాయకత్వానికి నేను జాలిపడేదాన్ని.)

మా ప్లాంటు పెద్దను అందరం పెద్దసారు అనేవాళ్ళం. సంగారెడ్డి మనిషి. మాట మెత్తన, చూపు గట్టి. నన్ను పర్మనెంట్ చేస్తూ సంతకం పెట్టాల్సింది ఆయనే. ఒకరోజు నన్ను పిలిచి, నేను పంపిన మెయిలు తన ఫోన్‌లో చూపించారు. "గిదేం మెయిలమ్మా, కరెంటు బిల్లు తీరుగుంది. సోమవారం కెల్లి కొత్త బస్సులొస్తున్నయ్. ఏ ఊరికి ఏ నంబరు బస్సో అందరికీ తెల్వాలె. జెర పెద్దక్షరాలు పెట్టు, వరుసగ పెట్టు, సూడంగనే కండ్లకు ఆనాలె. నీ నల్ల తెరల అయితలేదంటే చెప్పు, అందరి లెక్క మామూలుదే వాడుదువు."

"అయితది సార్," అన్నాను. నల్ల తెరను వదులుకోవడమంటే నాకు ఆ రోజుల్లో ఇంటిపేరు వదులుకోవడమే.

నిజంగానే దానికో ఉపాయముంది. మామూలుగా రాసుకుంటూ పోయి, పెద్దక్షరాలు కావలసిన చోట ఒక గుర్తు, లావు అక్షరాలు కావలసిన మాటకు అటూ ఇటూ మరో గుర్తు పెడితే చాలు. పంపేటప్పుడు ఒక చిన్న ప్రోగ్రాం ఆ గుర్తులు చదివి మెయిలును ముస్తాబు చేస్తుంది. చిక్కల్లా ఒకటే. ఆ ముస్తాబు అందుకున్నవాళ్ళకు కనిపిస్తుంది గాని నా నల్ల తెర మీద కనిపించదు. కళ్ళకు గంతలు కట్టుకుని ముగ్గు వేసినట్టన్నమాట. అయినా నా చేతి మీద నాకు నమ్మకం. బస్సులవాళ్ళు ఇచ్చిన జాబితా చూసి, రెండో నంబరు పటాన్‌చెరు, ఐదు లక్డారం, మూడు భానూర్, నాలుగు సంగారెడ్డి అని వరుసకొకటిగా, అంకె పక్కన చుక్క పెట్టి రాశాను. నా తెర మీద అంతా సవ్యంగా ఉంది. పంపేశాను. "ఇగ గిట్లుండాలె" అని పెద్దసారు దగ్గర్నుంచి జవాబొచ్చింది.

సోమవారం సాయంత్రం గేటు ముందు నాలుగు తెల్ల బస్సులు, అన్నీ ఒకేలాంటివి, అద్దం మీద అంకె తప్ప తేడా లేదు. డ్రైవర్లు కూడా బిహార్ నుంచి వచ్చిన కొత్తవాళ్ళు. మాది లక్డారం కనక నేను తిన్నగా ఐదో నంబరు ఎక్కాను. ముందు సీట్లో పెద్దసారు ఉన్నారు, కారు రిపేరుకిచ్చారట. మా ఊళ్ళో ఈయనకేం పనో అనుకున్నాను గాని, పెద్దవాళ్ళను అడగడం బాగుండదని నమస్తే పెట్టి వెనక్కి వెళ్ళాను. (సంగారెడ్డిలో ఈ పిల్లకేం పనో అని ఆయనా అనుకున్నారట. ఆడపిల్లను అడగడం బాగుండదని ఆయనా ఊరుకున్నారు.) బస్సులో మా ఊరివాళ్ళు ఒక్కరూ లేరు, ప్యాకింగ్‌లో పనిచేసే మా కాక కూడా లేడు. ఓవర్‌టైం ఉందేమో అనుకున్నాను. ఎక్కినవాళ్ళంతా సంగారెడ్డివాళ్ళే. మా ఊళ్ళో ఏదో పెద్ద పెళ్ళి ఉండి ఉంటుందనుకున్నాను గాని, మెయిలులో తప్పు ఉండొచ్చని మాత్రం అనుకోలేదు.

బస్సు హైవే దిగి కంకర లారీల దుమ్ములోకి మళ్ళగానే కునుకు తీస్తున్నవాళ్ళంతా లేచారు. "గిటెందుకు మలిపినవ్ భాయ్?" అని పెద్దసారు అడిగారు. "పాంచ్ నంబర్ లక్డారం, సాబ్. ముఝే యహీ బోలా," అన్నాడు డ్రైవరు. అందరూ అరిచేలోపు బస్సు మా ఊళ్ళో, మా ఇంటి పక్కనే ఆగింది. సరిగ్గా అప్పుడే కాక ఫోన్ చేశాడు. "బిడ్డా, మేము భానూర్‌ల ఉన్నమే. మన ఊరోళ్ళందరం ఈడ్నే ఉన్నం. నువ్వు మూడో నంబరు ఎక్కుమంటివి గద. భానూరోళ్ళేమో సంగారెడ్డిల దిగిండ్రంట."

"లేదు సార్, నేను లక్డారంకు ఐదే రాసిన. నా తెర మీద సూసిన," అన్నాను గట్టిగా, నావైపే చూస్తున్న పెద్దసారుతో. ఆయన తన ఫోన్‌లో ఆ మెయిలు తెరిచి నా చేతిలో పెట్టారు. ముందు నా కంటికి ఆనింది అంకెలు కావు, శీర్షిక. ఎంత లావుగా, ఎంత అందంగా వచ్చిందో. ఆ తర్వాత అంకెలు చూశాను. పటాన్‌చెరు రెండు, లక్డారం మూడు, భానూర్ నాలుగు, సంగారెడ్డి ఐదు. అంకె పక్కన చుక్క కనిపించగానే ఆ ప్రోగ్రాం ఇదేదో వరుస సంఖ్య అనుకుని, మొదటి అంకె పట్టుకుని మిగతావి తనే లెక్కపెట్టుకుంటూ పోయింది. వరుసగ పెట్టమన్న పెద్దసారు మాట నాకన్నా అదే బాగా విన్నది.

బస్సెడు మంది చుట్టాలొచ్చారనుకుందో ఏమో, మా అమ్మ పెద్ద గిన్నెడు చాయ్ పెట్టి తెచ్చింది. పెద్దసారుకు గ్లాసు అందిస్తూ, "మా పిల్ల మస్తు హుషారు సార్, కంప్యూటర్ల ఏం జెప్పినా చేస్తది," అంది.

"అవునమ్మా," అన్నారాయన చాయ్ ఊదుకుంటూ. "మమ్ములందర్ని ఈడిదాక తోలుకొచ్చింది."

మర్నాడు పొద్దున్నే సరిదిద్దిన మెయిలు కాగితం మీద ముద్రించుకుని ఆయన గదికి వెళ్ళాను. పర్మనెంట్ సంగతి అక్కడితో ముగిసిందనే అనుకున్నాను. ఆయన కాగితం చూడనైనా లేదు. "ఇంకో మెయిల్ వద్దమ్మా. మల్ల ఎవలెటు పోతరో. అందరికీ గా నంబర్లే యాదికున్నయ్. బస్సుల మీదియే మార్పిస్త." మధ్యాహ్నానికల్లా మూడు బస్సుల అంకెలు నా మెయిలుకు తగ్గట్టు మారిపోయాయి. నెలాఖరుకు సంతకం కూడా పెట్టారు. పెడుతూ, "నీ నల్ల తెర నువ్వు ఉంచుకో గని, ఏదైనా ముందుగాల నాకొక్కనికే పంపు. తప్పిపోతే నేనొక్కన్నే పోత," అన్నారు.

ఇప్పటికీ నల్ల తెర మీదే రాస్తాను. రాసింది ముందు నాకే పంపుకుని, ఫోన్‌లో ఒకసారి, పక్కవాళ్ళ కంప్యూటర్‌లో ఒకసారి చూసుకుంటాను. ఆ తర్వాత కూడా చెయ్యి కాస్త తటపటాయిస్తుంది. మెయిలు అలా పంపేసి, టిఫిన్ డబ్బా ఊపుకుంటూ బస్సెక్కిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వే వస్తుంది, కోపం రాదు. దేన్నైనా అంత నమ్మకంగా పంపి ఎన్నాళ్ళయిందో.