జొన్నరొట్టె కోసం కారంపూడి దాకా

అమ్మకు షుగర్ తెచ్చింది రక్తమా, కంచమా? ఆవిడ పోయి ఏళ్లయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. కారంపూడిలో జొన్నలు తిని పెరిగిన అమ్మ, పెళ్లయి గుంటూరు వచ్చాక మూడు పూటలా వరి అన్నమే తిని, ఒళ్లు చేసి, నలభైల్లోనే షుగర్ తెచ్చుకుంది. ఊళ్లోనే ఉండిపోయిన మా పిన్నికి రాలేదు. మొన్న నా రిపోర్టులోనూ షుగర్ అంకె హద్దు గీత దగ్గరికొచ్చి నిలబడింది. "మందులు మొదలుపెడదామా, కొన్నాళ్లు తిండి మార్చి చూస్తారా? సోమవారం చెప్పండి" అన్నారు డాక్టరు. ఆదివారం పొద్దున్నే పిన్ని దగ్గరికి బయల్దేరాను.

గుంటూరులో ఆరింటికి ఎక్కి, నరసరావుపేటలో బస్సు మారి, పిడుగురాళ్ల మీదుగా వెళితే పదింటికల్లా కారంపూడిలో దిగొచ్చు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. దారంతా డాక్టరు చెప్పిందే నెమరేసుకున్నాను. మన కణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే చిట్టి అణువులుంటాయి. జన్యువులిచ్చే ఆదేశాల్లో ఏది ఎంత అమలు కావాలో అవి అదుపు చేస్తాయి. కొవ్వు పేరుకోవడంలో, ఇన్సులిన్ పనిచేయడంలో వాటికీ పాత్ర ఉంది. ఊబకాయం, మధుమేహం ఉన్నవాళ్లలో కొన్ని పెరిగి, కొన్ని తగ్గి కనిపిస్తాయి. తిండిని బట్టి కూడా మారతాయట. ఆ మార్పు జబ్బుకు కారణమా, ఫలితమా అన్నది పూర్తిగా తేలలేదు. జువాలజీ చదివినదాన్నే అయినా, ఆ తేలనిచోటే నా ఆశంతా పెట్టుకున్నాను.

కారంపూడి స్టాండు బయట ఆటో ఎక్కి, వచ్చిన పని చెబితే డ్రైవర్ నవ్వాడు. "రొట్టెల కోసం గుంటూరు నుంచొచ్చావా అక్కా? మా ఆడోళ్లూ షుగరని చపాతీలే తింటారు. కాకపోతే ఆరు తింటారు."

పిన్ని రొట్టె తడుతున్న చప్పుడు వాకిట్లోకే వినిపించింది. అచ్చం అమ్మ చెయ్యి. కట్టెల పొయ్యి మీద కాలుతున్న జొన్నపిండి వాసన. ఆఖరి రోజుల్లో అమ్మ అడిగింది ఇదే. గ్యాసు మీద నేను చేస్తే ముక్కలైపోయేది. గోంగూరతో రెండు రొట్టెలు తిని తలెత్తేసరికి, పిన్ని తన కంచంలో వేడన్నం వడ్డించుకుంటోంది.

"నువ్వు రొట్టె తినవా పిన్నీ?"

"ఈ పళ్లతోనా? నువ్వొస్తన్నావని పక్కింటోళ్లనడిగి జొన్నలు పట్టించా. కాలవ నీళ్లొచ్చాక మాదీ వరన్నమేగా, చానా ఏళ్లాయె."

"మరి నీకు షుగరెందుకు రాలేదు?"

"రాలేదని ఎవరన్నారే? నేనెప్పుడు రక్తం తీయించి చూపించుకున్నా?"

"నాతో రా, రేపు పరీక్ష చేయిద్దాం."

"ఉందంటే ఏం చెయ్యాలి, ఈ ముద్ద వదిలెయ్యాలా? పోవే, మజ్జిగ తాగు."

మూడింటి బస్సులో తిరిగొస్తుంటే బయల్దేరేముందు పిన్ని మర పట్టించిచ్చిన జొన్నపిండి సంచి ఒళ్లో ఇంకా వెచ్చగా ఉంది. మీరూ ఇటొస్తే పిండి కొద్దిగానే పట్టించుకోండి, నిలవుంటే చేదెక్కుతుంది. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరునడగకుండా తిండి మార్చకండి. రేపు ఆయనకేం చెప్పాలో నేనింకా తేల్చుకోలేదు. పిన్నిని పరీక్షకు ఒప్పించాలా అన్నదీ తేలలేదు. ఆమెకు లేదన్న నమ్మకం మీదే ఇన్నాళ్లూ ఈ ఊరి తిండి కోసం బెంగపెట్టుకున్నాను. ఉందని తెలిస్తే, ఆ బెంగను ఎక్కడ దాచుకోవాలో తెలియడం లేదు.