అవ్వ కాళ్లకు కట్టిన తువ్వాలు

మా చిన్నప్పుడు పెనుకొండ కోటలో ఏటా ఆటపాటల ఉత్సవాలు మొదలయ్యే రోజున మా నాయన పాత తువ్వాలు వెతికేవాడు... అవ్వ కాళ్లు కట్టేయడానికి.

కోటగోడ పక్కనే మా ఇల్లు. మధ్యాహ్నం పైన కోటలో మైకులు సరిచూసి, నాట్యం చేసే అమ్మాయిలు సాధన చేసేవాళ్లు. అవ్వ గడపలో చాట పెట్టుకుని చెనక్కాయలు ఒలిచేది. చేతులు కాయల మీద, చూపు ఎటో... నాయన తువ్వాలు తెచ్చేలోపే మడమలు నేలను తడుతుండేవి. పైన మృదంగం దెబ్బ పడేది ఆ తర్వాత. ప్రతిసారీ ఆ తర్వాతే...

"కాళ్లెందుకవ్వా ఆడిస్తాండావు?" అని అడిగాను.

"నేనేడ ఆడిస్తాండా పాపా?" అని కిందికి చూసుకుంది. ఆమె ముఖంలో నాకన్నా ఎక్కువ భయం.

సంగతి అమ్మ చెప్పింది. ఎనిమిదేళ్లప్పుడు ఊరిపెద్దలు అమ్మవారి పేరు చెప్పి, అవ్వకు గజ్జె కట్టి బసివిని చేశారట. పెళ్లి చేసుకోకూడదు, జాతరల్లో ఆడాలి. పెద్దయ్యాక నాయన పుడితే, తండ్రినని ఒక్కడూ ముందుకు రాలేదు. ఆనాడే గజ్జె విప్పేసి, కూలికి పోయి బిడ్డను సాకింది. అదంతా వీధికి మళ్లీ గుర్తొస్తుందని నాయన భయం.

ఒక ఏడు, నాయన బజారుకు పోగానే నేను ముడి విప్పేశాను. కమిలిపోయిన చీలమండలు చూడలేక...

కాళ్లు వెంటనే మొదలుపెట్టాయి. అంతలో కరెంటు పోయింది. పైన మైకు ఆగింది, మృదంగం ఆగింది... అవ్వ కాళ్లు ఆగలేదు. ఎదురింటివాళ్లు తలుపులు వేసుకున్నారు. గజ్జెల మోత విన్నామని తర్వాత చెప్పుకున్నారు. ఇంట్లో గజ్జెలే లేవు. నేనూ విన్నాను.

నాయన పరుగున వచ్చి తువ్వాలు బిగించబోయాడు.

"మెల్లిగ కట్టప్పా. నిన్ను సాకింది ఈ కాళ్లే."

నాయన చేతులు ఆగిపోయాయి. ముడి వేయలేదు, తువ్వాలు వదల్లేదు.

ఇప్పుడు బ్యానర్ల మీద 'మన వారసత్వం' అని రాస్తున్నారు. ఎవరిదయ్యా? వేదిక మీద ఆడితే కళ, శాలువా. మా అవ్వ ఆడితే సిగ్గు, తువ్వాలు. పసిబిడ్డకు గజ్జె కట్టినవాళ్ల మనవళ్లు ముందు వరుసలో చప్పట్లు కొడతారు. సిగ్గుపడుతూ బతకాల్సింది మాత్రం మా నాయనా?

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఈసారీ మధ్యాహ్నం మైకులు మొదలయ్యాయి. కూరగాయలు తరుగుతూ కిందికి చూశాను... నా మడమలు. పైన దెబ్బ ఇంకా పడలేదు.

వీటిని నేను కట్టను. మీ ఇళ్లలో ఎవరి కాళ్లు కట్టేశారో... మీరూ చెప్పండి. దాచింది చాలు.