కామాక్షమ్మ గారి కాపీ డబ్బా

మా మేనత్త కామాక్షమ్మ గారు మద్రాసు ఆసుపత్రిలో పోయినట్లు సోమవారం పొద్దున చిత్తూరుకు తంతి వచ్చింది. సెలవు అయిపోయి నేను ఆమె దగ్గరనుంచి తిరిగి వచ్చి నాలుగు రోజులే అయింది. తంతి జేబులో పెట్టుకుని బడికి వెళ్లాను. పాఠం మధ్యలో ఏం చెబుతున్నానో జ్ఞాపకం రాక ఆగిపోయాను.

తల్లి లేని నన్ను తిరుపతిలో తన ఇంట పెంచింది ఆమె. గొప్ప పనులేవీ చేయలేదు. కాపీ గింజలను మాత్రం ఆమెలా కాపాడినవారిని నేను చూడలేదు. గింజలు దొరకని ఈ యుద్ధం రోజుల్లో కూడా, దొరికినవన్నీ ఒకేసారి వేయించి దాచుకోకుండా, వారానికి సరిపడా మాత్రమే వేయించేది. చల్లారాక రేకు డబ్బాలో పోసి, మూత కింద గుడ్డ బిగించి, పొయ్యికీ ఇంగువకూ దూరంగా చీకటి గూట్లో పెట్టేది. ఏ పూటకు కావలసిన పొడి ఆ పూటే మరలో తిప్పేది. "మూత తీసినంతసేపూ దాని పాణం పోతా ఉంటాది" అనేది. కొండ దిగి అలసి వచ్చిన బంధువులకు పొద్దుటి పొడితో సాయంత్రం కాపీ ఇచ్చి ఎరుగదు.

ఒకసారి అంగడి గింజలను వాసన చూసి, నన్ను వెంటబెట్టుకుని అప్పటికప్పుడు అంగడికి వెళ్లింది. "ఏమప్పా, కర్పూరం పక్కన పెట్టినావు గదా. వీటితో కాపీ తాగాల్నా, హారతి పట్టాల్నా?"

"నీ ముక్కుకు దండం పెట్టాలమ్మా" అంటూ అంగడాయన వేరే గింజలు తూచాడు.

మేము కూడా ఆ ముక్కును మా ముక్కులకంటే ఎక్కువ నమ్మాము. ఆరు నెలల కిందట డబ్బా తెరిచి ఆమె "వాసన లేదే" అంది. కోడలు రాజమ్మను పిలిచి, మూత సరిగా పెట్టినావా అని అడిగింది.

"పెట్టినానత్తా."

"పెట్టింటే వాసన యాడికి పోయె?"

మరుసటి వారమూ అదే మాట. "నేనేమన్నా తాగేసినానా దాన్ని?" అని రాజమ్మ వంటింట్లో గొణిగింది. అత్త మూత చుట్టూ మైనం పూసింది. గూడు మార్చింది. చివరికి డబ్బాను తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. అత్తాకోడళ్లకు మాటలు లేకుండా పోయాయి. నేను చిత్తూరు నుంచి బిగువైన కొత్త డబ్బా తెచ్చి ఇచ్చి, మేలు చేశాననుకున్నాను. తలనొప్పి అని ఆమె పడుకుంటే కోపమనుకున్నాము.

చూపు మసకబారాక గాని ఆమెను మద్రాసు తీసుకువెళ్లలేదు. డాక్టరు ఆమెను కళ్లు మూసుకోమని, ఒక సీసా ముక్కు దగ్గర పెట్టి, ఏం వాసన అని అడిగాడు.

"ఏముండాది నాయనా, నీళ్లే గదా."

అది లవంగ నూనె. మంచానికి ఇవతల నిలబడిన మాకు ఘాటు తగిలింది. తలలో గడ్డ ఉందనీ, చాలా నెలలుగా పెరుగుతున్నదనీ, ఇక తీయడానికి వీలు లేదనీ ఆయన చెప్పాడు. వాసన పోయినప్పుడే ఎందుకు తీసుకురాలేదని అడిగాడు.

అత్త చేత్తో తడిమి రాజమ్మ చెయ్యి పట్టుకుంది. "మూత బాగానే పెట్టినావు తల్లీ. నేనే నిన్ను ఊరికే అంటిని."

"పోనీలే అత్తా."

"పోనీలే అనబాకు. అన్నాను గదా."

ఆమె తన తప్పు ఒప్పుకుంది. నేను నాది ఒప్పుకోలేదు. వాసన లేదని ఆమె అన్న మొదటి రోజు నేను సెలవుకు వచ్చి ఆ పక్కనే ఉన్నాను. గింజల వాసన నాకు చక్కగా వచ్చింది. ఆమెకంటే నాకేం తెలుసునని, పెద్దావిడకు ఎదురు చెప్పడమెందుకని ఊరుకున్నాను. "నాకు వస్తా ఉండాది అత్తా" అని ఆ రోజు అనవలసింది. నన్ను పెంచిన మనిషికి నేను బాకీపడిన మాట అదొక్కటే. ఇప్పుడు కాగితం మీద రాస్తున్నాను.