రెక్కకు అవతలి పక్క

విమానం రెక్కకు బట్ట కుట్టడం ఒక్కరితో అయ్యే పని కాదు. పట్నంలో విమానాల షెడ్డులో మిస్త్రీగా పనిచేసిన రోజుల్లో ఈ సంగతి రోజూ చూశాను గాని మనసుకు పట్టించుకోలేదు. అక్కడ మనుషులకు కరువు లేదు. రెక్కను నిలువుగా ఆనించి ఇటొకరు, అటొకరు కూర్చుంటారు. ఇటు మనిషి దబ్బనం గుచ్చితే అటు మనిషి అందుకుంటాడు, లోపలి బద్దను చుట్టేలా మళ్లీ ఇటు గుచ్చుతాడు. మధ్యలో బట్ట. ఒకరి ముఖం ఒకరికి కనపడదు.

ఆ షెడ్డులో ఏళ్ల తరబడి పెద్దవాళ్ల విమానాలకు బోల్టులు బిగించాను, నూనె పోశాను. ఒక్కడంటే ఒక్కడు కూడా "ఎక్కు, ఒక చుట్టు తిరిగొద్దాం" అనలేదు. ఆ మంట కడుపులో అట్లాగే ఉండిపోయింది. బాపు పోయాక పొలం చూసుకోవడానికి కేతేపల్లి దగ్గర మా ఊరికి తిరిగివచ్చి, పశువుల కొట్టంలో ఒక్క మనిషి కూర్చునే చిన్న విమానం మొదలుపెట్టాను. నాకు పిచ్చి అన్నవాళ్లు అన్నారు. పిచ్చే, కాదనను.

టేకు బద్దలు, వెదురు పేళ్లు, పోచంపల్లి నుంచి తెచ్చిన తెల్లటి నేత బట్ట. ఇంజను మాత్రం దొర ఉండే గడిలో మూలకు పడేసిన మోటారు సైకిలుది. దొర కారును నేను ఊరికే బాగుచేసి పెట్టేవాణ్ని, అది వెట్టి, అడిగే దిక్కు లేదు. అందుకు బదులుగా ఆ తుప్పు ముద్దను అడిగితే తీసుకుపొమ్మన్నాడు. దానికి రెండు సిలిండర్లు. ఎంత సర్దినా ఒక దెబ్బ ముందూ, ఒక దెబ్బ వెనకా పడుతుండేది. దాని నడకే అంత, కుంటి నడక. నూనె ఆముదమే పోసేవాణ్ని. మా దిక్కు ఆముదానికి తక్కువ లేదు, ఇంజనుకూ అంతకంటే మంచి నూనె లేదు. ఇంట్లో నా భార్య తలకు రాసుకునేదీ, కొట్టంలో ఇంజను తాగేదీ ఒక్క కుండలోని ఆముదమే. ఇంజను తిప్పిన రోజు ఇల్లంతా ఆమె తల వాసన వేసేది. ఈ మాట ఆమెతో అంటే, "నా తల పొగ గొడ్తదా?" అని మూతి తిప్పింది.

ఊళ్లో ఎవరైనా అడిగితే జొన్నలు తూర్పార పట్టే మిషను అని చెప్పేవాణ్ని. ముందు పంకా ఉంది కాబట్టి నమ్మారు. పక్కింటి ముసలాయన మాత్రం కళ్లం చేసిన ప్రతిసారీ వచ్చి, "గాలి లేదురా, జర నీ మిషను పట్టుకరా" అని ప్రాణం తీసేవాడు.

నిజం తెలిసింది నా భార్యకొక్కదానికే. కుర్చీ ఒక్కటే ఉండడం చూసి మొదటి రోజే అడిగింది.

"నువ్వొక్కనివే కూసుంటవా? మరి నేను?"

"ఇద్దరిని మొయ్యలేదు గది."

"గట్లనా," అని ఊరుకుంది. ఊరుకోవడం ఆమె అలవాటు కాదు కనుక నాకు ఆ మాట గుర్తుండిపోయింది.

అయినా బట్ట కుట్టడానికి అవతలి పక్క కూర్చుంది. ఎడమ రెక్క మేమిద్దరం కలిసి కుట్టిందే. దారానికి తేనె మైనం పూసి నేను గుచ్చేవాణ్ని, ఆమె లాగేది. బట్ట అడ్డం ఉండేసరికి కాబోలు, ఎన్నడూ ముఖాన అనని మాటలు అటునుంచి అనేది. గడి ముందునుంచి నడవాలంటే భయమని చెప్పింది. పిల్లలు కాలేదని నా తల్లి చనిపోయే దాకా అన్న మాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయని చెప్పింది. నేను దబ్బనం గుచ్చేవాణ్ని. కాసేపటికి దబ్బనం మొన మళ్లీ నావైపు వచ్చేది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నాకు బాగా తెలిసింది ఆ రోజుల్లోనే.

కుట్టిన బట్ట బిగుసుకోవడానికి షెడ్డులో ఘాటు వాసన వేసే ఒక రంగు పూసేవాళ్లు. అది మాకు ఎక్కడ దొరుకుతుంది? గొంగళ్లు నేసే కురుమవాళ్లు పోగులకు చింతగింజల గంజి పెట్టడం చిన్నప్పటినుంచీ చూసినవాణ్ని. అదే కాచి పూశాను. ఆరాక వేలితో కొడితే డప్పులాగా మోగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ రెక్కను తాళ్లతో వాసానికి కట్టి పైకెత్తాము.

కుడి రెక్క మొదలుపెట్టకముందే ఊరు కదిలింది. పక్క ఊళ్లో రజాకార్లు గడ్డివాములు తగలబెట్టారు, మగవాళ్లను చెట్లకు కట్టి కొట్టారు. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్ల కోసం వెతుకుతూ పోలీసులు, వాళ్ల వెనక రజాకార్లు, మా ఊరికి ఎప్పుడొస్తారో తెలియదు. బండ్లు కట్టుకుని అందరూ నైజాం హద్దు దాటి ఇండియన్ యూనియన్‌లోకి, అక్కడ వేసిన గుడిసెల్లోకి బయలుదేరారు. నా భార్య తల్లిగారి బండి మీద మూట పెట్టుకుంది.

"నువ్వు రావా?"

"నేనొస్తే దీన్ని మిగులనిస్తరా? ఒక్క రెక్కే ఉంది. అయిపోంగనే వస్త. ఎగురుకుంట మీదికెళ్లే వస్త."

"మీదికెళ్లా?" ఆమె నవ్వింది. "అయితే అందరికి చెప్పుకుంట మల్ల. నా పరువు తియ్యకు."

"చెప్పుకో."

బండ్లు పోయాక ఊళ్లో పొయ్యి పొగ కూడా లేదు. కుక్కలు సైతం బండ్ల వెంట పోయాయి. నేను విమానం మీద జొన్న సొప్ప కప్పేవాణ్ని, తీసేవాణ్ని. పెట్రోలు ఎగరడానికి చాలినంతే ఉంది గనుక ఇంజను నడపకుండా, బిగిసిపోకుండా రోజూ పొద్దున పంకాను చేత్తో తిప్పేవాణ్ని. వానాకాలం చెమ్మకు నిప్పురవ్వ పుట్టేది కాదు. ఆ రవ్వ పుట్టించే మాగ్నెటో విప్పి పొయ్యి పక్కన ఆరబెట్టి, తుడిచి, మళ్లీ బిగించేవాణ్ని. ఆముదం వాసన వచ్చినప్పుడల్లా ఎవరో వెనక నిలబడ్డట్టు తిరిగి చూసేవాణ్ని.

కుడి రెక్క ఒక్కణ్నే కుట్టాను. దబ్బనం గుచ్చి, లేచి, రెక్క చుట్టూ తిరిగి అటు పోయి, లాగి, మళ్లీ గుచ్చి, మళ్లీ ఇటు రావాలి. ఒక్కోసారి గుచ్చి, అలవాటు కొద్దీ అట్లాగే కూర్చుండిపోయేవాణ్ని. అటునుంచి మొన రాదని గుర్తొచ్చేసరికి ఒళ్లు మండేది. లోకం మీద, రజాకార్ల మీద, ముందు నా మీద. ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడమని అప్పటిదాకా అనుకున్నాను. లాగే చెయ్యి లేకపోవడమని అప్పుడు తెలిసింది.

గొల్లవాళ్లు పోతూ నడవలేని ఒక కుంటి మేకను వదిలిపోయారు. వానకు తడుస్తూ అరుస్తుంటే కొట్టంలోకి రానిచ్చాను. జాలి అని చెప్పుకోవచ్చు గాని, మాట్లాడటానికి ఒక ప్రాణి కావాలి నాకు. నేను కుడుతుంటే అది నెమరేస్తూ చూసేది. "ఇంకో నాలుగు బద్దలే," అని దానికి చెప్పేవాణ్ని. కుట్టడం అయ్యాక చింతగింజల గంజి చిక్కగా పూసి, ఆరడానికి రెక్కను గోడకు ఆనించాను. ఉప్పు లేక అన్నం సయించడం లేదు. ఉప్పు కోసం మూసీ అవతలి ఊరికి పోయి, సాయంత్రానికి తిరిగొచ్చాను.

మేక రెక్క తింటోంది. గంజి పెట్టిన బట్ట, ఎన్నడూ దొరకని రుచి. కింది అంచునుంచి మొదలుపెట్టి మెడ అందినంత మేర తినేసింది, వెదురు పేళ్లు ఎముకల్లాగా బయటపడ్డాయి. షెడ్డులో వాడే ఆ కంపు రంగును ఏ మేకా ముట్టదు. గొంగళ్ల గంజి తెలివి నాది కదా! కట్టె ఎత్తాను గాని కొట్టలేదు. దాన్ని కూడా తరిమేస్తే ఇక ఎవరున్నారు? మేక పక్కనే కూర్చుని పసిపిల్లవాడిలా ఏడ్చాను. కొత్త బట్ట లేదు, పోచంపల్లి దారిలో పోయే ధైర్యం లేదు. మీదికెళ్లి వస్తానన్న మాట ఇక ఉత్తదే.

కొద్ది రోజులకే ఆకాశంలో విమానాలు పడమటికి పోయాయి. పెద్ద ఇంజన్లు, నిండుగా, ఒక్క దెబ్బ తప్పకుండా. పోలీసు చర్య అన్నారు తర్వాత. నైజాం లొంగిపోయాడని రోడ్డు మీద ఎవరో కేక వేసి చెప్పిపోతే, నేను సద్ది కట్టుకుని హద్దు దిక్కుకు కాలినడకన బయలుదేరాను.

గుడిసెల దగ్గరికి చేరేసరికి కాళ్లు మోకాళ్ల దాకా బురద, మడమలు పగిలి నెత్తురు. ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టారు. ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వేనా బిడ్డా? మొన్న మా గుడిసెల మీదికెళ్లి ఇమానం తోలింది నువ్వేనట గద! నీ పెండ్లాం ఉరికి ఉరికి కొంగు ఊపింది. మా అందరికి బెల్లం పెట్టింది."

నా భార్య గుడిసె ముందు నిలబడి నా ముఖం చూడలేదు, కాళ్ల దిక్కు చూసింది. చాలాసేపు చూసినట్టు అనిపించింది నాకు.

"పెట్రోలు అయిపోతే ఏడ్నో దించి నడిసొచ్చిండు," అంది వాళ్లతో. "నెత్తిన పెట్టుకొని రమ్మంటరా ఇమానాన్ని?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

దారి పొడుగునా చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. ఇంటికి రాగానే కొట్టంలోకి పోయి రెక్కను, దాని కింద మేక పెంటికలను చూసింది. ఇక చెప్పడానికి ఏముంది? "మేక బతికిందా?" అని మాత్రం అడిగింది. బతికింది అన్నాను. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. నా మీద నమ్మకంతో ఎవరి విమానానికో కొంగు ఊపి, ఇంటికొచ్చి ఈ ఎముకలు చూసి ఎంత కుమిలిపోయిందో అని లోపల్లోపల కుళ్లిపోయాను. ఒక్క ఇంట్లో, ఒక్క కంచంలో తింటూ, ఆ ఒక్క సంగతి దగ్గరికి ఇద్దరం పోయేవాళ్లం కాదు. ఊరు నిండా జనం వచ్చినా, నాకు ఆ వానాకాలం అయిపోలేదు.

విమానం ఎన్నడూ గాల్లోకి లేవలేదు. సంఘపోళ్ల కోసం ఇళ్లు సోదా చేసిన మిలట్రీవాళ్లు దాన్ని చూసి నవ్వి, పర్మిటు లేకుండా ఎగరేస్తే లోపలేస్తామని చెప్పిపోయారు. కొన్నేళ్లు చూసి, ఇంజను విప్పి బావి మీద నీళ్లు తోడటానికి బిగించాను. ఆముదమే పోశాను.

ఒకనాడు మధ్యాహ్నం ఇంజను నడుస్తుంటే ఆమె గట్టు మీద కూర్చుని మిరప నారు కడుతోంది. పైనుంచి ఒక విమానం పోయింది. ఆమె తల ఎత్తకుండానే అంది.

"ఆ దినం గుడిసెల మీదికెళ్లి పోయింది గీ సప్పుడే. మనదైతే గీ ఇంజను లెక్క కుంటుకుంట వస్తుండె."

నేను ఇంజను ఆపాను. ఎండలో చెవులు హోరెత్తాయి.

"అంటే... అది నేను కాదని నీకు అప్పుడే ఎరుకనా?"

"ఇనంగనే ఎరుకైంది."

"మరి కొంగు ఎందుకు ఊపినవ్?"

ఆమె నారు కట్ట కాలువ నీళ్లలో ముంచి, మట్టి కడిగి, పక్కన పెట్టింది.

"అందరికి చెప్పుకున్న గద, వస్తడని. దినాం అడుగుతుండిరి. ఎవలో ఒకలు రావాలె గద."