చేపనూనె పూసిన పందెం కారు

నేను చదివింది ఐదో తరగతి వరకే. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుగా పడితే ఏమనుకోకండి. ఒక కారు సంగతి చాలా ఏళ్లుగా నాలో తిరుగుతూ ఉంది, అందుకని రాస్తున్నాను.

అరవైల మొదట్లో కోట అనే మా ఊళ్లో నాకు చిన్న షెడ్డు ఉండేది. లారీలకు, బస్సులకు రిపేర్లు చేసేవాణ్ణి. ఒక ఎండాకాలం, మద్రాసులో కార్లు తయారుచేసే కంపెనీ నుంచి ఒక ఇంజనీరు పందెం కారు తీసుకొచ్చాడు. ఆయనదీ మా వైపే. మద్రాసు దగ్గర ఒకప్పుడు విమానాలు దిగిన పాత మైదానంలో పందేలు జరిగేవి. అంతకుముందు మా సముద్రం ఒడ్డున నడిపి చూస్తానన్నాడు. నీళ్లు వెనక్కి పోయినప్పుడు అక్కడి ఇసుక సిమెంటు నేలలాగా ఉంటుంది.

తెల్లవారుజామున మసక వెలుతురులో ఆ కారు పోతుంటే చక్రాలు కనపడేవి కావు. పైన కారు, కింద తడి ఇసుకలో దాని నీడ, రెండూ కలిసి పెద్ద వెండి చేపలాగా జారిపోయేవి. అది కనుమరుగైనాక కూడా చప్పుడు వస్తూనే ఉండేది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే వినపడుతుంది.

ఒకరోజు అడిగాను. "సార్, మీ కార్ల కోసం జనం ఏండ్ల తరబడి కాచుకోనుండారు. పందెం గెలిస్తే ఏంది, ఓడితే ఏంది మీకు?"

"మా కంపెనీ పెద్దోళ్లూ అదే అంటుండారు మేస్త్రీ," అని నవ్వాడు. "రోడ్డు మీద పదేండ్లకు చెడిపోయేది పందెంలో ఒక్క పూటలో చెడిపోతుంది. ఏది చెడిందో తెలిస్తే మామూలు కారు బాగా చెయ్యొచ్చు. అదీ నా ఆశ. ఈసారి బాగా పోతే ఇంకో ఏడాది చూస్తామన్నారు."

ఆ మాట నా మనసులో పడింది. కారు వెళ్లిపోయే ముందురోజు, ఉప్పుగాలికి దాని ఇనుము తుప్పు పట్టిపోతుందని భయమేసింది. మా పడవలవాళ్లు లంగరుకు చేపనూనె పూస్తారు. మేము లారీల కింద బరువు మోసే కమాను కట్టలకు పూస్తాం. ఆయన్ని అడక్కుండా ఒక కుండెడు నూనె తెచ్చి కారు కిందంతా పూశాను.

మా ఆవిడ ముక్కు మూసుకుని, "కారుకు తలంటు పోస్తుండావా? నాకెప్పుడన్నా గిన్నెడు నూనె తెచ్చినావా?" అంది.

"నువ్వేమన్నా ఉప్పునీళ్లలో పరిగెత్తినావా?"

"నీ ఎనక పరిగెత్తుతానే ఉండా గదా."

పందేనికి నన్నూ తీసుకెళ్లారు. ఎండ మండిపోతోంది. మూడో చుట్టులో మలుపు దగ్గర కారు ఆగలేదు. నేరుగా వరిగడ్డి మోపుల్లోకి దూసుకుపోయింది. దేవుడి దయ, నడిపే ఆయనకు ఏమీ కాలేదు. చక్రం విప్పితే బ్రేకుల నిండా నూనె. నేను పూసిందే ఎండకు కరిగి కారిపోయింది. ఇంజనీరు వేలితో తీసి వాసన చూసి, నా వైపు చూసి, చెయ్యి తుడుచుకున్నాడు.

ఆ ఏడే కంపెనీ పందేలు మానేసిందని ఒక లారీ డ్రైవరు చెప్పాడు. నా వల్లే అనుకున్నాను. ఆ నూనె వాసన తగిలితే అన్నం దిగేది కాదు.

కొన్నేళ్లకు ఆ ఇంజనీరు అదే కంపెనీ మామూలు కారులో భార్యతో వచ్చాడు. కూర్చోమనకుండానే అడిగేశాను. "సార్, నా నూనె వల్లే గదా మానుకున్నారు?"

"నువ్వు ఓడించింది ఒక్క పందెమే మేస్త్రీ. గెలిచిన ఏడాది మాత్రం ఒక్క కారన్నా ఎక్కువ అమ్మినామా? కార్లు చెయ్యకముందే అన్నీ అమ్ముడైపోతుండాయి. వరసలో నిలబడినోళ్లను మళ్లీ పిలిచేదెందుకు అన్నారు మా పెద్దోళ్లు. నూనె కాకపోతే టైరు, ఏదో ఒక సాకు దొరికేది."

"నూనె సంగతి వాళ్లకు చెప్పినారా?"

"నూనె కారకుండా ఆపే బ్రేకు సీలు నేనే సరిగా బిగించలేదని కంపెనీకి రాసినా."

ఆయన కారు కింద చూడమన్నాడు. వంగి చూస్తే కమాను కట్టలకు చేపనూనె నిగనిగలాడుతోంది. ఒక్క చుక్క కూడా బ్రేకుల మీద లేదు.

"బ్రేకులకు గుడ్డ కట్టి పూసినా," అన్నాడు. "పందెంలో నేర్చుకునింది."

"ఊరు దాటేదాకా ముక్కు మూసుకోనే వచ్చినా," అంది ఆయన భార్య, కారులోంచి.

ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను. ఆయన నా తప్పును తన మీద రాసుకున్నాడు. నేను రాసిన దీంట్లో తప్పులుంటే మీరూ మన్నించండి.